నీడ మాత్రం నా పేరనే ఉంది

విన్నవించుకునేది ఏమనగా, హైదరాబాదు శివారు కాలనీలో ఇల్లు కట్టుకుని, దక్షిణం వైపు నిబంధనల ప్రకారం సందు వదిలి, ఆ సందులో నాలుగు పూలమొక్కలు పెంచుకుందామని ఆశపడిన గృహస్థుణ్ణి నేను. దస్తావేజు ప్రకారం ఆ నేల నాది. తూర్పున రోడ్డు, పడమట ఫలానావారి ఇల్లు, దక్షిణాన ఫలానావారి ఖాళీ స్థలం అని హద్దులన్నీ శుభ్రంగా రాసి ఉన్నాయి. పైన ఏముందో రాయడానికి మాత్రం ఏ దస్తావేజులోనూ గడి ఉండదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ రెవెన్యూ శాఖలో ఊళ్లోవాళ్ల హద్దు తగాదాలు తీర్చినవాణ్ణి. నాకంటూ వచ్చిన తగాదా మాత్రం ఏ సర్వేయరు గొలుసుకూ అందేది కాదు.

ఆ దక్షిణపు ఖాళీ స్థలం చాలా ఏళ్లు ఖాళీగానే ఉండేది. సర్కారు తుమ్మ, పిచ్చి ఆముదం, దారి తప్పి వచ్చే గేదెలు. ఎండ పొద్దుటినుంచి సాయంత్రం దాకా మా సందులోనే కాపురం ఉండేది. అప్పట్లో మా ముద్దమందారం పూసిన పూత చూసి కాలనీలో కొంతమందికి నిద్ర పట్టేది కాదు. తర్వాత అక్కడ స్టిల్టు, దాని మీద నాలుగంతస్తులు లేచాయి. స్లాబు పడుతున్న కొద్దీ నా ముఖం వాడిపోవడం గమనించి బిల్డరు స్వయంగా గోడ దగ్గరికి వచ్చి ఓదార్చాడు. "దక్షిణం బరువుగా, ఎత్తుగా ఉంటే మీకే కలిసొస్తుందండీ. లక్షలు పోసినా ఇలాంటి వాస్తు దొరకదు" అన్నాడు. మా ఆవిడ సిద్ధాంతిగారిని అడిగితే ఆయనా అదే మాటన్నాడు. ఎండ పట్టుకుపోయినవాడికి ఎదురు కృతజ్ఞతలు చెప్పుకోవాల్సిన దుస్థితి ఇంకెవరికైనా పట్టిందా అని నా ప్రశ్న.

నేను ఊరికే అరిచే రకం కాదు, లెక్క వేశాను. హైదరాబాదు అక్షాంశం 17.4 డిగ్రీలు. డిసెంబరు 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ దక్షిణపు ఆకాశంలో 49 డిగ్రీలు మించి పైకెక్కడు. 15 మీటర్ల భవనం ఆ వేళ ఉత్తరం వైపు సుమారు 13 మీటర్ల దాకా నీడ పరుస్తుంది. మా సందు, దాని పక్క పడకగది, పైన బట్టలారేసుకునే డాబాలో సగం దాని కిందికి వస్తాయి. శీతాకాలంలో మా ఇంట తువ్వాలు ఆరాలంటే రెండో రోజు కూడా తీగ మీదే ఉండాలి.

మే నెల వచ్చేసరికి వ్యవహారం తలకిందులవుతుంది. మే 9 ప్రాంతంలో హైదరాబాదుకి నీడ లేని రోజు. పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు, నిటారుగా పాతిన కర్రకి నీడంటూ పడదు. ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ అదే జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు కాబట్టి అపార్టుమెంటు నీడ అపార్టుమెంటు కాళ్ల దగ్గరే పడుతుంది. న్యాయం జరిగిందనుకుంటున్నారా? సూర్యభగవానుడు మా సందుకి చుట్టపుచూపుగా వచ్చేది రోహిణి కార్తెలో! నీడలో పెరిగిన ఆకు వెడల్పుగా, పల్చగా, సుకుమారంగా ఉంటుంది. దొరికిన కాస్త వెలుగునూ ఒడిసిపట్టడానికి అది చేసుకున్న ఏర్పాటు. అలాంటి ఆకు మీద రోళ్లు పగిలే ఎండ హఠాత్తుగా పడితే అంచులు మాడి, మధ్యలో తెల్లమచ్చలు తేలతాయి. ఇక ఆగస్టు వాటా ఎండ మబ్బులకి పోతుంది. చివరికి ఎండ లేదని ఊరంతా చాటినవాణ్ణి, మేలో వెళ్లి ఎండ ఆపడానికి 50 శాతం గ్రీన్ నెట్ కొనుక్కొచ్చి కట్టాను. "75 శాతంది కూడా ఉంది సార్, ఇంకా చల్లగా ఉంటది" అన్నాడు దుకాణంవాడు. నేను బదులు చెప్పలేదు.

కోర్టుకు పోదామా అని చట్టం తీశాను. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, సెక్షన్ 15. ఒక కట్టడంలోకి వెలుతురూ గాలీ ఇరవై ఏళ్లపాటు అడ్డూ ఆపూ లేకుండా వస్తూ ఉంటే అది హక్కవుతుంది. చదవగానే ప్రాణం లేచొచ్చింది. రెండు పేజీలు తిప్పితే సెక్షన్ 17 తగిలింది. ఖాళీ జాగాలోకి వచ్చే వెలుతురు మీద, గాలి మీద ఎన్నేళ్లు అనుభవించినా అలాంటి హక్కు పుట్టదట. అంటే వంటింటి కిటికీకి హక్కుంది, కిటికీ కింద మందారానికి లేదు. ఆ శాసనం రాసిన తెల్లదొరల దేశంలో ఎండ ఎప్పుడు పడిందని దాని విలువ తెలియడానికి?

మందారం సంగతి చెప్పనే లేదు. ఎండ పోయిన ఏడాదే మొగ్గ రాల్చడం మొదలుపెట్టింది. బలహీనపడిన కొమ్మలకి తెల్లటి పిండినల్లి పట్టింది, దాని వెనకే చీమలు వరస కట్టాయి. మల్లె ఇంకా ఘనురాలు. బారెడు తీగలు, నిగనిగలాడే ఆకులు, వేసవంతా కలిపి మా ఆవిడ చెవి వెనక పెట్టుకోవడానికైనా చాలని పూలు. ఎండ బాగా తగలనిదే మల్లె మొగ్గ వేయదు. దాన్ని తిట్టి లాభం లేదు.

అప్పుడు నర్సరీ దారి పట్టాను. ఊరి బయట హైవే పక్కన ఉండే నర్సరీల్లో ఒకటి. వాటికి చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో దిగుతాయి. నీడలో ఏడాదంతా పచ్చగా ఉండి పూలు పూసే గుబురు మొక్కలు కావాలని అడిగాను. అతను చెయ్యి అర్ధచంద్రాకారంగా తిప్పి "ఇవన్నీ సెమీ షేడే సార్" అన్నాడు. ఆ చెయ్యి తిరిగిన మేరలో గులాబీ ఉంది, కాగితం పూల మొక్క ఉంది, ఒక మూల కొబ్బరి మొక్క కూడా ఉంది. నర్సరీల్లో సెమీ షేడ్ అనేది మొక్క గుణం కాదు, కొనేవాడి ముఖం చూసి నిర్ణయించేది. వంకాయ నారు అడిగినా, డాబా లేనివాడిలా కనిపిస్తే సెమీ షేడే అంటారు.

ఆ బేరంలో నా అదృష్టం కొద్దీ వచ్చిన మంచి మొక్క నందివర్ధనం. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. అదే నా బాధ, దాన్ని తిట్టడానికి ఏమీ దొరకదు. పల్చటి వెలుతురు చాలు, పిడికెడు పశువుల ఎరువు చాలు, ఏడాదిలో ఎక్కువ రోజులు తెల్లగా పూస్తూనే ఉంటుంది. రేకుది, ముద్దది రెండూ వేశాను. ముద్దది నిండుగా ఉంటుందని మా ఆవిడ పక్షం. రేకుదే పూజకి పళ్లెంలో అందంగా కూర్చుంటుందని నా పక్షం. రాత్రయ్యాక దాని వాసన తెలుస్తుంది. ఎండకి పోటీపడే పూలకి రంగులు కావాలిగానీ, నీడలో తెలుపుకి ఉన్న కాంతి వేరు. ఇంత చెప్పాక వ్యాజ్యం బలహీనపడుతుందని తెలుసు. అయినా నిజం నిజమే.

"పాలు కారే మొక్క సార్, మేక కూడా ముట్టదు" అని నర్సరీవాడు హామీ ఇచ్చాడు. మేక ముట్టలేదు. ఒక వానాకాలం ఉదయం చూస్తే కొమ్మ చివరలు ఈనెలతో సహా మాయం. కింద గచ్చు మీద మిరియాల సైజులో నల్లటి ఉండలు. ఎక్కడున్నాడు దొంగ? అరగంట వెతికాక, నేను చెయ్యి పెట్టిన కొమ్మ మీదే దొరికాడు. చూపుడు వేలంత పొడుగు, ఆకు రంగే ఒంటి రంగు, మెడ దగ్గర నీలంగా రెండు దొంగ కళ్లు, తోక దగ్గర చిన్న కొమ్ము. కదిలిస్తే ఆ నీలికళ్లు ఉబ్బించి నన్నే బెదిరించాడు, నా సొంత సందులో! గన్నేరు ఆకు, నందివర్ధనం ఆకు తిని బతికే రెక్కల పురుగు పిల్ల అట అది. విషమున్న పాలు దానికి పరమాన్నం. పెద్దదై రెక్కలొచ్చాక ఆకుపచ్చ, గులాబీ, గోధుమ రంగుల చారలతో మిలిటరీ దుస్తులేసుకున్నట్టు ఉంటుంది. ఫొటో తీసి దూరదేశంలో ఉన్న మా అబ్బాయికి పంపితే "చంపకండి నాన్నా, ఎంత బాగుందో!" అని జవాబు. వాడు ఇక్కడున్నన్నాళ్లూ ఒక్క కుండీకి నీళ్లు పోసి ఎరగడు. పురుగు మీద మాత్రం ఎనిమిది వేల మైళ్ల నుంచి దయ పుట్టుకొచ్చింది. చంపలేదు లెండి. కడుపు నిండాక అదే రంగు మార్చుకుని గోధుమరంగులోకి తిరిగి, కిందికి దిగి, రాలిన ఆకుల్లోకి వెళ్లిపోయింది. పోతూ పోతూ అద్దె కట్టలేదు.

ఇక నూరువరహాలు. పేరుకి తగ్గ గుత్తులు, నీడలో మరీ విరగబూయకపోయినా మాట దక్కించుకునే మొక్క. మా ఇంట్లో మాత్రం ఏడాది తిరగక ముందే ఆకులు పసుపు తిరిగాయి. ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా. గుంట తవ్వి చూస్తే కారణం బయటపడింది. మా గోడ పక్క నేలలో మన్ను తక్కువ, ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ పూడ్చిపెట్టిన చరిత్ర ఎక్కువ. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, టైల్సు చెక్కలు, ఒక రబ్బరు చెప్పు, పెయింటు డబ్బా మూత. సిమెంటూ సున్నమూ కలిసిన నేల క్షారం పట్టి ఉంటుంది, పైనుంచి బోరునీళ్లు దానికి తోడు. అలాంటి మన్నులో ఇనుము ఉన్నా వేరుకి అందదు. నూరువరహాలకి, గంధరాజానికి కాస్త పులుపు నేల కావాలి. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొట్టమని తెలిసినవాళ్లు చెప్పారు. ఎరువుల కొట్టుకి వెళ్లి అన్నభేది అడిగితే "ఎన్నెకరాలు?" అన్నాడు కొట్టాయన. "రెండు మొక్కలు" అన్నాను. అతను తన పక్కనున్న రైతు ముఖం చూశాడు, ఆ రైతు నా ముఖం చూశాడు. పావుకిలో పొట్లం కట్టించుకుని బయటపడ్డాను. ఆకులు తేరుకున్నాయి. గంధరాజం మాత్రం మొగ్గ వేస్తుంది, ఉబ్బుతుంది, రేపు విచ్చుకుంటుందనగా రాలుస్తుంది. దాని మీద ప్రత్యేకంగా వేరే ఫైలు నడుస్తోంది.

కనకాంబరం దగ్గర కథ ఇంకో రకం. అది మన దక్షిణాదిదే, సగం నీడంటే ఇష్టం, నీళ్లు నిలవని మన్ను దొరికితే చాలు, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. నేను మడి కట్టి, ఇసుక కలిపి, వర్మీకంపోస్టు వేసి, వరసగా నాటాను. వరసలో ఉన్నవి నామమాత్రంగా పూశాయి. కానీ దాని ఎండిన కాయకి తడి తగిలితే చిటుక్కున పేలి గింజల్ని విసిరికొడుతుంది. తొలకరి వానకి మా సందంతా ఆ చిటపటలే. ఆ గింజలు పడి మొలిచిన చోట్లు వినండి: గచ్చు పగుళ్లలో, మెట్ల సందున, మ్యాన్‌హోల్ మూత అంచున, మీటరు బోర్డు కింద. అక్కడ మొలిచినవి నడుమెత్తు పెరిగి విరగబూశాయి. మడిలో కట్టిన కాపురం ఇష్టం లేదు దానికి, పగుల్లో గుడిసె చాలు. అందులో పూసినవన్నీ కోసి, మరువం కలిపి మూరెడు దండ కట్టాలంటే మా ఆవిడకి నాలుగు రోజుల పూలు కావాలి, ఎందుకంటే ఒక్కో వెన్నులో ఒక్కో విడతకి నాలుగైదు పూలే విచ్చుతాయి. అదృష్టం కొద్దీ తెంపినా త్వరగా వాడవు.

వీటన్నిటినీ కలిపి నేను మోసుకొచ్చిన ఆశ ఒకటుంది: ఏడాదంతా పచ్చగా ఉండే మొక్కలు కదా, ఆకు రాలదు, ఊడ్చే పని తప్పుతుందని. ఇక్కడ గృహస్థలోకాన్ని హెచ్చరించక తప్పదు. ఆకు రాల్చే చెట్టు మర్యాదస్తురాలు. ఫాల్గుణంలో ఒకసారి అంతా దులిపేసి, చైత్రానికి కొత్త చీర కట్టుకుంటుంది. ఊడ్చేవాళ్లు ఆ నెలరోజులు నడుం వంచితే చాలు. ఎప్పుడూ పచ్చగా ఉండేవి కూడా ఆకులు రాలుస్తాయి, కానీ వాయిదాల మీద. ఇవాళ ఆరు, రేపు తొమ్మిది, పండగనాడు పాతిక, అలా ఏడాది పొడుగునా. మా పనమ్మాయి చీపురు కింద పడేసి "గిదేంది సారూ, పొద్దుగాల ఊడిస్తి, మల్ల రాలె" అని రోజూ నన్నే నిలదీస్తుంది, నేనే పైకెక్కి దులిపినట్టు. నీడ కాబట్టి రాలిన ఆకు ఎండదు, తడిసి కుళ్లి గచ్చుకి అంటుకుంటుంది. దాని కింద నత్తలు. పైగా ఆ అమ్మాయికి మొక్కంటే రోజూ చెంబెడు నీళ్లు పోయాలన్న భక్తి. ఎండలేని చోట తడి ఆరదు, వేరు కుళ్లుతుంది, వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే పొయ్యమ్మా అంటే నా మన్ను వేలు చూసి నవ్వుతుంది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మొక్క వెలుగున్న దిక్కుకి వంగుతుంది. కాండంలో నీడ వైపు కణాలు వెలుగు వైపు కణాలకన్నా ఎక్కువ సాగుతాయి, దాంతో కొమ్మ వెలుగు వైపు ఒరుగుతుంది. మా సందుకి కాస్త వెలుతురు వచ్చేది ఒక్క తూర్పు నుంచి, అంటే రోడ్డు నుంచి. కాబట్టి నా నందివర్ధనాలన్నీ ముక్త కంఠంతో రోడ్డు వైపు వంగి, ప్రహరీ దాటి, బజార్లో పూస్తున్నాయి. లోపలి వైపు నాకు మిగిలేవి కాండాలు.

తెల్లవారుజామున ఐదు గంటలకి మా గోడ అవతల మార్నింగ్ వాక్ మొదలవుతుంది. స్పోర్ట్స్ బూట్లు, మంకీ క్యాపు, ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో కొసకి వంకర తీగ కట్టిన కర్ర. ఆ కర్ర తయారీలో ఈ కాలనీ పెద్దలు చూపిన నైపుణ్యం ఇంకెక్కడా చూపలేదు. ఒకరోజు కాపు కాసి పట్టుకున్నాను.

"ఏం సార్, ఇవి మా మొక్కలు."

"దేవుడికండీ" అన్నాడాయన, చెయ్యి ఆపకుండానే.

"మా ఇంట్లోనూ దేవుడున్నాడండీ."

"అయితే ఇంకేం, అందరి దేవుడూ ఒకటే కదా. మొక్క పెంచినవారికీ పుణ్యంలో వాటా ఉంటుంది."

చట్టం ఇక్కడా చూశాను. భూమికి అంటుకుని ఉన్నంతవరకు మొక్కకి సంబంధించింది ఏదీ దొంగతనం కింద రాదు, ఎందుకంటే అది కదిలే సొత్తు కాదు. నేల నుంచి విడదీసిన క్షణం నుంచి వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్. పాత ఐపీసీలోనూ ఇదే వివరణ ఉండేది. అంటే నేను కేసు పెట్టాలంటే పువ్వు తెగే క్షణం దాకా ఓపిక పట్టాలి. తెగాక అది శివుడి పేరున బదిలీ అయిపోతుంది. ముద్దాయిల జాబితాలో రెండో పేరు శివుడిది రాయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు.

సన్నజాజి ఇంకా తెలివి మీరింది. కింద వెలుతురు లేదని గ్రహించి, పొరుగువారి డ్రైనేజీ పైపు పట్టుకుని ఎగబాకి, మొదటి అంతస్తు బాల్కనీ గ్రిల్ అల్లుకుని, అక్కడ పూసింది. వేరు మా మన్నులో, ఎరువు మా ఖర్చు, నీళ్లు మా బోరువి. దండ మాత్రం మొదటి అంతస్తు అమ్మాయి జడలో. ఆ అమ్మాయి కనిపించినప్పుడల్లా "అంకుల్, మీ జాజి ఎంత వాసనో!" అంటుంది. మీ జాజి అనడంలో ఆ అమ్మాయి చూపే నిజాయితీకి మాత్రం నేను ముగ్ధుణ్ణవుతాను. మా ఆవిడ పైకి చూస్తూ నిలబడి వాసన పీల్చుకుని లోపలికి వస్తుంది.

పోయిన నెల ఆ అపార్టుమెంటు సంఘం నుంచి లెటర్‌హెడ్ మీద ఉత్తరం వచ్చింది. మా సందులోంచి ఎండుటాకులు వారి స్టిల్టులోకి ఎగిరి వస్తున్నాయట, మా కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లలో దోమలు పుడుతున్నాయట, సన్నజాజి వారి పైపుని పాడుచేస్తోందట. పదిహేను రోజుల్లో తగు చర్య తీసుకోవాలట. దిగువన సంతకం, ముద్ర. ముద్ర కింద ఎవరో వేరే చేతిరాతతో, నీలం పెన్నుతో: శ్రావణ శుక్రవారం వ్రతానికి నందివర్ధనం, కనకాంబరం కొంచెం ఎక్కువగా కావాలి, ఆంటీగారికి చెప్పగలరు.

జవాబు రాశాను. మొదటి అంశం మీద, సదరు ఎండుటాకులు సదరు భవనపు నీడవల్లే సకాలంలో ఎండక కుళ్లుతున్నవని, విచారణ జరుగుతున్నదని, కుండీల కింద పళ్లేలు తీసివేయబడినవని. పైపు విషయంలో సన్నజాజిని వారే నేరుగా సంప్రదించవచ్చునని. నీలం పెన్ను అంశాన్ని నా దాకా రానివ్వకుండానే మా ఆవిడ మంజూరు చేసింది. గురువారం సాయంత్రం సజ్జలో పూలు కోసి, మీటరు బోర్డు కింది కనకాంబరాలతో సహా, నా చేతికే ఇచ్చి పంపింది. లిఫ్టు పనిచేయడం లేదు.